నలభై పౌన్ల కత్తి

కూర్చో. ముందు కాఫీ.
అల్లం ఘాటు గొంతు దిగేదాకా
ఇనుము ఊసెత్తకూడదు, మా కస్సలాలో.

సమ్మెట ఎత్తే భుజం పడిపోయాక
ఈ వీధిలో నాకు మిగిలిన పని ఇదొక్కటే:
ఎవడైనా కత్తి కొనబోతుంటే పక్కన చేరి
అది ఎంత చేస్తుందో చెప్పడం.
కూలి, ఒక మట్టి జబనా నిండా కాఫీ.

ఒర చూడకు. మేకతోలుకి ఎర్రరంగు పూసి
చివర ఇంత ఉడుము చర్మం చుట్టి
ముసలి గుర్రానికి పెళ్ళిజీను వేసినట్టు వేస్తారు.
చంద్రవంకల ముద్రలూ చూడకు.
రెండు వంకలుంటే జర్మనీ ఉక్కంటారు.
ఆ ముద్ర కొట్టే ఉలి
మా హదాబ్ చొక్కా జేబులోనే ఉంటుంది.

పిడి దగ్గర వదులుగా పట్టి గోటితో మీటు.
విను.
బెడ్‌ఫోర్డ్ లారీ కమాను పట్టీ అయితే
తేనెటీగ దూరంగా వెళ్ళిపోతున్నట్టు
మోత సాగుతుంది, సాగుతుంది.
పీపా రేకుదైతే టక్కుమని అక్కడే చస్తుంది.

ఇప్పుడు మోకాలికి ఆనించి వంచు.
భయమెందుకు, నీ డబ్బు ఇంకా నీ దగ్గరే ఉంది.
వంగి తిరిగొస్తే కొను.
వంగి అలాగే ఉండిపోతే రేకు.
విరిగిందా, కొలిమివాడు నీళ్ళ దగ్గర తొందరపడ్డాడు;
వాణ్ణి వాడి పెళ్ళాం తిట్టుకుంటుంది, నువ్వు లేచి రా.

ధరంటావా,
కమానుదానికి నూట ఇరవై చెబుతారు, తొంభైకిస్తారు,
పొద్దువాలే నమాజుకి కాస్త ముందెళ్తే ఎనభై.
రేకుది నలభై. బేరం లేదు.
అందులో ముప్పై ఒరదే.
పెళ్ళిళ్ళలో గెంతడానికి అది చాలు,
తేలిక, తెల్లార్లూ ఆడినా చెయ్యి లాగదు.

ఇరవై ఏళ్ళుగా ఇవే మాటలు చెబుతున్నాను.
అబద్ధం ఒక్కసారే.

గాష్ నది బజార్లోకొచ్చిన ఏడు
ఓ కుర్రాడు, ఓహాజ్,
జుట్టులో కర్రదువ్వెన, కాళ్ళకి పొలిమేర దాకా బురద.
కాఫీ పోస్తే ముట్టుకోలేదు.
అప్పుడే నాకు తెలిసిపోయింది.
బావి దగ్గర ఒంటెల తగవు, వాళ్ళన్న చెవి తెగడం
వీధంతా అప్పటికే చెప్పుకుంటోంది.
రెండు మేకలమ్మి తొంభై పౌన్లు తెచ్చాడు.
"నాకు కత్తులు తెలీవు. నువ్వు చెప్పిందే కొంటాను."

రేకుదాన్ని తీశాను.
మీటాను, మోత చచ్చేలోగా నేనే దగ్గాను.
మోకాలి వంతు రాకముందే ఒరలో దోపేశాను.
తొంభై అన్నాను.
నలభై అంటే నమ్మడు కదా.
మంచిదనడానికి నా దగ్గరున్న సాక్ష్యం ఆ ధరొక్కటే.

పదకొండో రోజున వచ్చాడు.
తోటల్లోంచి బండ్లమీద దిగే అరటిపండులా
వంగిపోయిన కత్తిని నా కాళ్ళ దగ్గర పడేశాడు.
మోచేతికి కట్టు.
"వాడు?" అన్నాను.
"భుజం ఎముక విరిగింది," అన్నాడు, ఏడుపు ఆపుకుంటూ.
అంటే ఉన్నాడు. ఇద్దరూ ఉన్నారు.

దొంగ అన్నాడు. మా నాన్ననీ అన్నాడు.
తొంభై వెనక్కిచ్చాను.
అందులో కొలిమివాడికి పోయిన నలభై నాదే.
రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు,
ఆ మాత్రం నేర్చుకున్నందుకు లోపల్లోపల మెచ్చుకున్నాను.
తర్వాత మూడు నెలలు
ఈ వీధిలో నాకెవరూ కాఫీ పొయ్యలేదు.

అదిగో, పందిరి గుంజకి కొట్టిన ఆ వంకర ఇనుము,
దానికే జబనా తగిలిస్తాను.
మొన్నొక ఖార్తూమ్ బేరగాడు చాలా పెద్ద మాటే అన్నాడు,
పాతదనుకున్నాడేమో.
అమ్మనన్నాను. ఎందుకో చెప్పలేదు.

సరే, నీ సంగతి.
పెళ్ళికేనా?
ఉండుండు, నోటితో చెప్పకు.
ఆ గిన్నె ఇలా వంచు,
అడుగున ఎంత మిగిలిందో
ముందు అది చూడనీ.